ప్రమీలారాణి నాలుక

"ఇది తిండి కాదు లిడియా, కొవ్వొత్తి. కొవ్వొత్తికి కాస్త పంచదార అద్ది, పైన బంగారు కాగితం చుట్టారు. ఒత్తి కూడా పెడితే కరెంటు పోయినప్పుడన్నా పనికొచ్చేది."

ప్రమీలారాణి నోట్లో ముక్కని పళ్ళెంలోకి ఉమ్మేసి చెంబు కోసం చెయ్యి చాపింది. లిడియా చెంబు అందించింది. ఆవిడ పుక్కిలించి, వరండా మెట్ల పక్కనున్న కనకాంబరం మొక్కల్లో ఊసి, ఆ మొక్కల్ని కూడా ఓసారి జాలిగా చూసింది.

లిడియా ఇంకా ఇంటికి పోలేదు. ఎ.కొండూరు పోస్టాఫీసులో రోజంతా ముద్రలు కొట్టి, సాయంత్రం బస్సు దిగి మధిర రోడ్డు వెంట నడుచుకుంటూ వచ్చి, ఎదురింటి పిన్నిగారి వరండాలో కాసేపు కూర్చోవడం ఆమెకు అలవాటు. ఎవరు ఏం చెప్పినా వింటుంది. వినడంలో ఆమెకు తొందర ఉండదు. అందులోనూ ప్రమీలారాణి మాటలంటే చెవి కోసుకుంటుంది.

ఇవాళ వరండాలో కొత్త వస్తువు ఒకటి కనిపించింది. నేరేడుపండు రంగు పెట్టె, దానికి వెండి రిబ్బను. లోపల గళ్ళుగళ్ళుగా చాక్లెట్ బార్లు, ఒకదానికొకటి పోలిక లేకుండా. సగం పైగా కాగితాలు ఊడిపోయి ఉన్నాయి. విప్పిన ప్రతి బారుకీ ఒక మూల పంటిగాటు. ఉమ్మిన ముక్కలన్నీ స్టీలు పళ్ళెంలో. ఆ పళ్ళెం అంచున ప్రమీలారాణి అత్తగారి పేరు చెక్కి ఉంది.

"ఇదిగో, ఇది బిస్కెట్టు పొరలంట. నమిలి చూడు. కోతమిల్లులో రంపం కింద రాలిన పొట్టు. ఇది వేరుశనగపప్పుది. పప్పు పర్లేదు, మక్కిన వాసన లేదు. కానీ ఆ పాకం ఉంది చూశావా, పంటికి పట్టుకుంటే వదలదు. చుట్టమొచ్చి దిగినట్టే. కట్టుడుపన్ను ఊడొస్తే ఎవడు పెట్టిస్తాడు?"

"ఆ తెల్లది?"

"కొబ్బరంట. తలనూనె డబ్బా అడుగున గడ్డకట్టిన మడ్డి ఇంతకంటే మెరుగు. ఈ నల్లదైతే చేదు! తీపి తినాలని డబ్బు పెట్టినవాడు చేదెందుకు కొంటాడే? ఊళ్ళో వేపచెట్లు లేవా?"

"దాన్ని డార్కంటారు పిన్నిగారూ. ఒంటికి మంచిదంట."

"ఒంటికి మంచిదైతే కాకరకాయ పులుసు పెట్టుకుంటాను. దానికి రిబ్బనెందుకు?"

లిడియా నవ్వుతూ, "ఈ కాలపువి అంతేలెండి. మా చిన్నప్పుడు నిమ్మతొనలు, పిప్పరమెంట్లు..." అనబోయింది. ముసలివాళ్ళ దగ్గర పాతవాటిని పొగిడితే సంతోషిస్తారని ఆమె అనుభవం. ఆ అనుభవం ఈ వరండాలో చెల్లదు.

"ఏడిశాయి! నిమ్మతొనంటే ఏంటి? పంచదారకి పచ్చరంగు. నిమ్మకాయ దాని పక్కనుంచి కూడా పోలేదు. పిప్పరమెంటు చప్పరిస్తే పళ్ళపొడి మింగినట్టుండేది. కోవాబిళ్ళ అనేవాడు, అందులో పాలకంటే గోధుమపిండే ఎక్కువ. నెమలి ఊళ్ళో తిరునాళ్ళకి మా నాన్న బండి కట్టుకుని తీసుకెళ్ళేవాడు. అక్కడ జీళ్ళవాడు బెల్లంపాకాన్ని మేకుకి తగిలించి లాగుతా ఉండేవాడు. అందరూ వాడి పాకం చూస్తుంటే నేను వాడి చేతులు చూశా. పట్టు జారినప్పుడల్లా అరచేతిలో తుపుక్కున ఉమ్ముకుని మళ్ళీ లాగేవాడు. ఇప్పటికీ జీడి అంటే నాకు వాడి అరచెయ్యే. మా రోజుల్లో అంతా అమృతం అనే ముసలాళ్ళున్నారే, వాళ్ళకి నాలుక ముందే చచ్చింది, మనిషి తరవాత చస్తాడు."

ఆవిడ పుట్టింది విస్సన్నపేట అవతల, మామిడి తోటలున్న ఇంట్లో. చెట్టున పండి రాలిన రసం పండుని గడ్డిలోంచి ఏరుకుని, కడగకుండా, ముచ్చిక కొరికి పీల్చి పెరిగిన పిల్ల. తీపి అంటే ఏమిటో ఆ నాలుకకి అప్పుడే తీర్మానమైపోయింది. ఆ తరవాత మనుషులు చేసిన ఏ తీపీ ఆ పండు ముందు నిలబడలేదు. పెళ్ళై తిరువూరు వచ్చాక ఈ సంగతి వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఎదురు వరసలో కుర్రాడు ఇంజినీరింగు పాసైతే వాళ్ళమ్మ లడ్డూలు పట్టుకొచ్చింది. ప్రమీలారాణి ఒకటి చిదిపి నోట్లో వేసుకుని, "మీవాడు పాసయ్యాడు గానీ లడ్డూ ఫెయిలైందమ్మా" అంది. బస్టాండు సెంటర్లో ఎవరో మిఠాయి కొట్టు తెరుస్తూ పెద్దదిక్కుగా పిలిస్తే, మైసూరుపాకు కొరికి, "గోడలకి చాలగా మిగిలిన సిమెంటా ఇది?" అని అడిగి వచ్చింది.

అయినా వీధిలో ఏ శుభం జరిగినా మొదటి పెట్టె ఆ ఇంటికే వస్తుంది. తిట్టకుండా ఊరుకుంటే చాలు, అదే పెద్ద మెప్పు. తీపి విషయంలో ఆవిడ ఎవరి మొహం చూసీ అబద్ధం ఆడలేదు. ఇంకో చిత్రం కూడా ఉంది. బాగున్నవి ఆవిడకు గుర్తుండవు. చెడ్డవి మాత్రం ఎవరింట్లో, ఏ శుభకార్యంలో, పాకం ముదిరిందా పిండి పచ్చిగా ఉందా, అన్నీ ఇంటిపేర్లతో సహా గుర్తు.

ప్రమీలారాణి మరో బారు కాగితం విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. అయినా కొరికింది.

లిడియా ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఇంత అసహ్యంగా ఉంటే ఎందుకు తింటున్నారండీ? పిల్లలకి పంచెయ్యొచ్చుగా?"

ఆవిడ నమలడం ఆపింది. "ఇంకా ఒకటుంది" అని మాత్రం అంది.

"ఇంతకీ ఎవరిచ్చారు?"

"మా వియ్యంకుడు. నిన్న పొద్దున నువ్వు చర్చికెళ్ళినప్పుడొచ్చాడు." ముక్క ఉమ్మేసి మూతి తుడుచుకుంది. "దొంగ చలిమిడి అంటే తెలుసా నీకు?"

"విన్నాను గానీ మా ఇంట్లో లేదండీ. ఐదో నెల్లో మా అమ్మ ప్రార్థన పెట్టించి పులిహోర పంచింది, అంతే."

"మాకు ఐదో నెలది వేరే ఉంది. బిందెలకొద్దీ తెచ్చి వీధంతా పంచుతారు, అది ఊరికోసం. మూడో నెలది ఆ పిల్ల కోసం. కడుపుతో ఉందని ఇంకా ఎవరికీ చెప్పకముందే, పుట్టింటి నుంచి తల్లి కాస్త చలిమిడి కొంగులో దాచుకుని వస్తుంది. వెనక గుమ్మంలోంచి రావాలి. అత్త కంట పడకూడదు. కూతురికి పెట్టి, మింగిందాకా ఉండి, వెళ్ళిపోవాలి."

"అత్తకి నిజంగా తెలీదా?"

"ఎందుకు తెలీదు? ఏ రోజొస్తుందో కూడా తెలుసు. తెలిసే ఆ పూట గుడికో పొలానికో పోతుంది. మా అత్త అయితే ఆ రోజు పాడిగేదెని తనే తోలుకుపోయింది, పాలేరుని ఇంట్లో పెట్టి."

"మరి మీ వియ్యంకుడు?"

ప్రమీలారాణి గొంతు సర్దుకుంది. "ముందు గుమ్మంలోకే వచ్చాడు. కాలింగ్ బెల్లు కొట్టాడు. తలుపు తీశాను. ‘అక్కయ్యగారూ, దొంగ చలిమిడి తెచ్చానండీ’ అని తీసుకొచ్చి నా చేతుల్లోనే పెట్టాడు."

లిడియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు.

"నవ్వకు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా. ‘చలిమిడేదీ అన్నయ్యగారూ’ అంటే పెట్టె చూపిస్తున్నాడు. ‘మా ఆవిడుంటే చేసేదండీ, నాకు పాకం పట్టడం రాదు, సెంటర్లో కొట్టువాడు ఇప్పుడు శుభకార్యాలకి ఇవే ఇస్తున్నారన్నాడు’ అని, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. నాకు నోరు రాలేదే లిడియా. నాకు! అంత చెత్త నా చేతిలో పెడితే నాకు నోరు రాలేదు."

ఆ వియ్యంకుడు ఆదిశేషయ్యను లిడియా ఎరుగును. ఎ.కొండూరులో ఆయన పొలానికి వెళ్ళేది పోస్టాఫీసు ముందునుంచే. భార్య పోయాక మనిషి చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోవడం లేదు. పిల్ల కీర్తన పెళ్ళై ప్రమీలారాణి కొడుకు వంశీకృష్ణ చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చిన మరుసటి ఏడే తల్లి పోయింది.

"కీర్తన చూసిందా?"

"హాలు గుమ్మంలో నిలబడే ఉంది. అంతా చూసింది. నవ్వింది, ‘థాంక్స్ నాన్నా’ అంది, ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. ఆయనటు వెళ్ళగానే పెట్టె మూత తీసింది. ఆ వాసనకి దొడ్లోకి పరిగెత్తింది. ఇప్పటికే నీళ్ళు కూడా ఇమడటం లేదు దానికి. సాయంత్రం ఎవరితోనో ఫోన్లో చెబుతోంది. నేను కూర తరుగుతూ విన్నాను. ‘అమ్మ ఉంటే వెనక గుమ్మంలోంచి వచ్చేదే’ అంది. ఏడవలేదు. మామూలుగా అంది. ఏడ్చినా బాగుండేది."

వరండా ముందు నుంచి షేరాటో ఒకటి మధిర వైపు గోల చేసుకుంటూ పోయింది. ప్రమీలారాణి ఆఖరి బారుని చేతిలో తిప్పుతోంది.

అప్పుడు లిడియాకు పంటిగాట్ల సంగతి అర్థమైంది. "మీరు ఇవన్నీ..."

"ఒక్కటన్నా బాగుండకపోతుందా అనుకున్నా. ఒక్కటి. ‘మీ నాన్న తెచ్చినవాటిలో ఇది బాగుందే అమ్మాయ్, కాస్త కొరుకు’ అని చెప్పొచ్చని. నేను బాగుందన్నానంటే ఆ పిల్ల నమ్ముతుంది. ఉత్తినే అంటే నమ్మదు. నా సంగతి దానికి తెలుసు." ఆఖరి బారు కొరికింది. కళ్ళు మూసుకుని నమిలింది. లిడియా ఆవిడ మొహంలోకి చూసింది. కళ్ళు తెరవకుండానే ఆవిడ పళ్ళెం అందుకుంది.

"ఏంటండీ?"

"కిస్‌మిస్. గోడమూలన ఎండిపోయిన బల్లి గుడ్లలా ఉన్నాయి."

పెట్టె మూత వేసి, రిబ్బను కూడా కట్టేసింది. పాడెకి కట్టినట్టు బిగించి కట్టింది.

"అమావాస్య దాటితే దానికి నాలుగో నెల. ఇక దొంగ చలిమిడి లేదు, ఏమీ లేదు."

"మీరే చేసి పెట్టకూడదా పిన్నిగారూ? మీకంటే బాగా ఎవరు చేస్తారు?"

"అత్త పెడితే అది చలిమిడి కాదే, సాయంత్రం పలహారం. అది పుట్టింటి నుంచి రావాలి. బాగుండక్కర్లేదు, రావాలి." ప్రమీలారాణి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. "నాకు మా అమ్మ తెచ్చింది తెలుసా? ఎండలో చేలగట్ల మీద నడిచొచ్చింది, గోంగూర బుట్టలో అడుగున పెట్టుకుని. గడ్డివాము వెనక పెట్టింది నాకు. పిండి సరిగా జల్లించలేదు, బెల్లంలో ఇసుక మెరికలున్నాయి, దానికి తోడు గోంగూర పసరు వాసన. నా జన్మలో అంత చెడ్డ చలిమిడి తినలేదు. మింగుతుంటే ఇసుక పళ్ళ కింద కరకరలాడింది. ‘ఎలా ఉందే’ అంటే ‘బాలేదమ్మా’ అన్నాను. ‘బాలేకపోతే మానె, మింగు’ అంది. మొత్తం మింగాను. మూడు నెలల నుంచి ఏదీ ఇమడని కడుపులో ఆ మట్టిగడ్డ ఒక్కటీ ఇమిడింది." నాలుకతో పళ్ళు తడుముకుని, "ఇప్పటికీ పళ్ళ కింద ఆ ఇసుక తగులుతూనే ఉంటుంది" అంది. అది ఫిర్యాదో కాదో లిడియాకు తెలియలేదు.

ఉన్నట్టుండి ఆవిడ లేచింది. "లోపలికి రా. పిల్ల లేదు, వంశీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వచ్చే వేళైంది. తొందరగా రా."

వంటింట్లోకి అడుగుపెట్టగానే లిడియా ముక్కు అదిరింది. నేతి వాసన, దాన్ని తొక్కేస్తూ ఏలకుల వాసన. గట్టు మీద, కాటన్ చీర ముక్క కప్పి, స్టీలు డబ్బా. ప్రమీలారాణి గుడ్డ తీసి, మూత తీసి, గోరంత ముద్ద లిడియా అరచేతిలో పెట్టింది.

నల్లబెల్లం చలిమిడి. లిడియా నోట్లో వేసుకుంది. ఏలకులు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కాయి. కొబ్బరి ముక్కలు పచ్చీసు గవ్వలంతేసి ఉన్నాయి. పాకం ఒక్క వేడి ముదిరి అంగిట్లో అతుక్కుంది. ఈ ఇంటి వంట ఇలా ఉండదు. ఆవిడ తన వైపే చూస్తోంది. లిడియా గుటకవేసి, భయంభయంగా, "ఏలకులు కాస్త... ఎక్కువయ్యాయేమోనండీ" అంది.

"కాస్తేంటే? దరిద్రంగా ఉంది. గొంతులో అగరుబత్తి వెలిగించినట్టుంది."

"మరి మీరెలా..."

"ఇది నాది కాదు. కీర్తన వాళ్ళమ్మది."

లిడియా డబ్బాలోకి తొంగి చూసింది.

"పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల ఒళ్ళో పెట్టిన చలిమిడి అచ్చం ఇలాగే ఉంది. విడిదింట్లో నాకూ పెట్టింది ఆవిడ. నోట్లో పెట్టుకున్నాను, ‘ఏలకుల్లో కాస్త చలిమిడి కూడా వేశారే వదినగారూ’ అన్నాను, పదిమందిలో. ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు. ‘మా కీర్తనకి చిన్నప్పట్నుంచీ ఇలాగే అలవాటు వదినగారూ, ఏలక్కాయ తగలకపోతే ముద్ద మింగదు’ అని నవ్వి, గిన్నె అవతలివాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళింది. నేనన్నమాట నేను వెనక్కి తీసుకోను. బాలేదు. అప్పుడూ బాలేదు, ఇప్పుడూ బాలేదు. కాకపోతే ఎలా బాలేదో నాకు గుర్తుంది."

నిన్న రాత్రి బియ్యం నానబోసింది. పొద్దున తడిపిండి ఆడించి తెచ్చింది. కీర్తన బండెక్కి అలా వెళ్ళగానే పెరట్లో పొయ్యి వెలిగించింది. మొదటి వాయి చెయ్యి తన అలవాటు ప్రకారం చేసేసింది: పాకం సరిగ్గా ఉండకట్టే వేళకి దించింది, కొబ్బరి సన్నగా తరిగింది, ఏలకులు తగుమాత్రం వేసింది.

"బాగా కుదిరి చచ్చింది" అంది ప్రమీలారాణి కసిగా. "మా ఇంటాయన తిని నిద్రపోతున్నాడు. రెండోసారి చేతిని తిట్టుకుంటూ చేశాను. పాకం దించాల్సిన వేళకి దించకుండా పొయ్యి ముందు కూర్చోవడం ఎంత కష్టమో తెలుసా నీకు? చూస్తూ చూస్తూ చెడగొట్టాలి. ఏలకులు గుప్పెడు దంచి పోశాను. పోస్తుంటే ఒళ్ళు జలదరించింది."

లిడియా అంగిట్లో అతుక్కున్న పాకాన్ని నాలుకతో మెల్లగా వొలుచుకుంది. ఎన్నడూ చూడని ఆ వియ్యపురాలు ఎలా ఉండేదో, గిన్నె పట్టుకుని ఎలా నవ్వి ఉంటుందో ఆమెకు కొంచెం తెలిసినట్టనిపించింది.

"కీర్తన నమ్ముతుందంటారా? వాళ్ళ నాన్నకి పాకం పట్టడం రాదని తనకి తెలుసుగా."

"నమ్మక్కర్లేదు. మింగితే చాలు. రేపు ఆఫీసుకెళ్ళేటప్పుడు ఈ డబ్బా తీసుకెళ్ళి ఆయనకివ్వు. పోస్టాఫీసు దానివేగా, బట్వాడా చెయ్యి. బుధవారం పొద్దున నేను నెమలి గుడికి పోతున్నాను. మా ఇంటాయన్ని కూడా లాక్కుపోతాను. మధ్యాహ్నం దాకా రాము. ఆయన్ని వెనక గుమ్మంలోంచి రమ్మను. బెల్లు కొట్టొద్దను. వివరాలేం చెప్పొద్దను, దొంగ చలిమిడికి మాటలుండవు. పెట్టి, మింగిందాకా కూర్చుని, వెళ్ళిపొమ్మను. దారిలో నేను ఎదురుపడితే, ‘అక్కయ్యగారూ, పెట్టొచ్చానండీ’ అని నాకే చెబుతాడు ఆ మహానుభావుడు, పలకరించొద్దని మరీ మరీ చెప్పు."

లిడియా తల ఊపి డబ్బా చేతిలోకి తీసుకుంది. మూత బిగించబోతుంటే వేళ్ళకి గరుగ్గా తగిలింది. తిప్పి చూసింది. అంచు చుట్టూ చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: ప్రమీలారాణి, తిరువూరు.

"పిన్నిగారూ."

ప్రమీలారాణి చూసింది. తరవాత గూటి తలుపు తీసి డబ్బాలు ఒక్కొక్కటే దించసాగింది. ఒకదాని మీద ఆవిడ అత్తగారి పేరు. ఇంకోదాని మీద మామగారిది, ఊరితో సహా. వంశీకృష్ణ పుట్టినప్పుడు అమ్మమ్మగారు పెట్టిన గిన్నె మీద వాడి పేరు. మూతల మీద పేర్లు, చెంబుల అడుగున పేర్లు. గరిటె కాడ మీద కూడా పేరే.

"దొంగల భయానికి చెక్కించాం అన్నీ" అంది ఆవిడ, గరిటెని అసహ్యంగా చూస్తూ. "ఇప్పుడు మనమే దొంగతనం చేద్దామంటే కుదరటం లేదు."

వీధి చివర ఎక్కడో బైకు హారన్ వినిపించింది. ప్రమీలారాణి డబ్బా మీద చీర ముక్క కప్పేసి, లిడియా భుజం పట్టుకుని పెరటి వైపు తిప్పింది.

"మీ ఇంట్లో చూడు. పేరు చెక్కనిది ఏదన్నా సరే, చిన్నదైనా సరే. ప్లాస్టిక్కుది మాత్రం వద్దు, వాసన పట్టుద్ది. తొందరగా పట్రా. ఇటు కాదే, వెనక గుమ్మంలోంచి రా."